ట్రియెస్టేలో ఒక మే నెల: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత సంచికలో ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్నకు జవాబిస్తూ, 1998లో ఇటలీలోని ట్రియెస్టే నగరానికి భౌతికశాస్త్ర సదస్సు కోసం వెళ్ళినప్పుడు కరాచీ నుంచి వచ్చిన ఒక అధ్యాపకురాలితో ఒకే గదిలో ఉన్నానని, మేం అక్కడ ఉండగానే భారత్, పాకిస్తాన్ రెండూ అణుపరీక్షలు జరిపాయని ఒకటి రెండు వాక్యాల్లో రాశాను. ఆ వాక్యాలు చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. అందరికీ విడివిడిగా జవాబు రాయడం సాధ్యం కాదు కనుక ఈ నెల శీర్షికను పూర్తిగా ఆ ప్రయాణానికే కేటాయించవలసిందని సంపాదకులను కోరాను. వారు సంతోషంగా అంగీకరించారు. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను కలిపి ఒక్క ప్రశ్నగా ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, ట్రియెస్టే అనే ఊరి పేరు మేం ఎప్పుడూ వినలేదు. అంత చిన్న ఊళ్ళో ప్రపంచస్థాయి సదస్సులు ఎందుకు జరుగుతాయి? హన్మకొండలో డిగ్రీ కళాశాలలో పాఠాలు చెప్పుకొనే మీకు అక్కడికి వెళ్ళే అవకాశం ఎలా వచ్చింది? – డిగ్రీ విద్యార్థిని, జనగామ

జవాబు: ఇటలీకి ఈశాన్యపు మూలన, స్లొవేనియా సరిహద్దుకు కొద్ది కిలోమీటర్ల దూరంలో, ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున ఉన్న రేవు పట్టణం ట్రియెస్టే. 1918 వరకూ అది ఆస్ట్రియా సామ్రాజ్యానికి ముఖ్యమైన రేవుగా ఉండేది, ఆ తరువాత ఇటలీకి దక్కింది. రెండో ప్రపంచయుద్ధం తరువాత ఎవరికి చెందాలో తేలక కొన్నేళ్ళపాటు ప్రత్యేక భూభాగంగా ఉండి, 1954లో మళ్ళీ ఇటలీ పాలనలోకి వచ్చింది. ఆ సరిహద్దు ఊళ్ళో 1964లో అంతర్జాతీయ సైద్ధాంతిక భౌతికశాస్త్ర కేంద్రం మొదలైంది. ఐసీటీపీ అని అందరూ పిలిచే ఈ కేంద్రాన్ని స్థాపించినవారు పాకిస్తాన్ భౌతికశాస్త్రవేత్త అబ్దుస్ సలాం. ట్రియెస్టేకు చెందిన పావొలో బుదినిచ్ అనే శాస్త్రవేత్త ఆయనకు తోడు నిలిచి కేంద్రాన్ని తమ ఊరికి రప్పించారు.

ఆ కేంద్రం పుట్టుక వెనుక ఉన్న కథ మన కళాశాలల్లో పనిచేసే ప్రతి అధ్యాపకుడికీ తెలియవలసినది. సలాం కేంబ్రిడ్జిలో గొప్ప పరిశోధన చేసి 1951లో లాహోరుకు తిరిగి వచ్చి ప్రభుత్వ కళాశాలలో చేరారు. అక్కడ పరిశోధన గురించి మాట్లాడటానికి ఒక్క మనిషి లేడు, పత్రికలు రావు, సదస్సులకు వెళ్ళే వీలు లేదు. ఖాళీ సమయంలో కళాశాల ఫుట్‌బాల్ జట్టు బాధ్యత చూడమన్నారు, ఆయన చూశారు కూడా. చివరికి పరిశోధన కావాలో దేశం కావాలో తేల్చుకోవలసి వచ్చి, 1954లో ఎంతో బాధతో మళ్ళీ కేంబ్రిడ్జికి వెళ్ళిపోయారు. తనకు పట్టిన ఆ గతి తరువాతి వాళ్ళకు పట్టకూడదన్నదే ఐసీటీపీ వెనుక ఉన్న ఆలోచన. పేద దేశాల శాస్త్రవేత్త తన దేశాన్ని, తన ఉద్యోగాన్ని వదులుకోకుండానే కొన్ని వారాలు అక్కడికి వచ్చి, కొత్తగా జరుగుతున్నదేమిటో తెలుసుకొని, చదవవలసినది చదువుకొని, తిరిగి తన విద్యార్థుల దగ్గరికి వెళ్ళగలగాలి. 1979లో సలాంకు నోబెల్ బహుమతి వచ్చింది. 1996 నవంబరులో ఆయన కన్నుమూశారు. మరుసటి సంవత్సరం కేంద్రానికి ఆయన పేరే పెట్టారు. నేను వెళ్ళేనాటికి ఆ పేరు పెట్టి ఏడాది కూడా కాలేదు. కేంద్రానికి అర్జెంటీనా శాస్త్రవేత్త మిగెల్ విరసోరో సంచాలకులుగా ఉన్నారు.

ఇక నా సంగతి. నేను పనిచేసిన కళాశాల గ్రంథాలయంలో పాఠ్యపుస్తకాలు బాగానే ఉండేవి గాని పరిశోధన పత్రికలు ఉండేవి కావు. పీహెచ్‌డీ పూర్తిచేసినా, తరువాత చదవడానికి ఏమీ దొరకక, రాసిన వ్యాసాన్ని చూపించడానికి మనిషి కనిపించక, ఆ విషయం నా చేతిలోంచి జారిపోతున్నదని లోలోపల దిగులుపడుతూ ఉండేదాన్ని. విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగంలోని నోటీసు బోర్డు మీద ఐసీటీపీ సదస్సు ప్రకటన చూసి దరఖాస్తు పంపాను. ఎంపికైనట్టు ఉత్తరం వచ్చింది. ప్రవేశ రుసుము లేదు. అక్కడ ఉండటానికీ తినడానికీ అయ్యే ఖర్చును, విమాన ఛార్జీలో కొంత భాగాన్ని కేంద్రమే భరించింది. మిగిలిన ఛార్జీకి ఢిల్లీ నుంచి ప్రభుత్వ సాయం దొరికింది.

ప్రశ్న: చిన్నపిల్లలను ఇంట్లో వదిలి ఒంటరిగా అంతదూరం వెళ్ళడానికి మీ ఇంట్లో ఒప్పుకున్నారా అమ్మా? – గృహిణి, సిరిసిల్ల

జవాబు: ఒప్పుకున్నారు. ఒప్పించినది మా అత్తమ్మ. ఆమె ఐదో తరగతి దాటి చదువుకోలేదు. పిలుపు ఉత్తరం వచ్చిన రోజు ఇంట్లో ఎవరూ ఏమీ మాట్లాడకపోతే, పిల్లల సంగతి తాను చూసుకుంటానని, పరీక్షలు పెట్టి మరీ ఎంపిక చేసినవాళ్ళు ఊరికే పిలవరని ఆమే ముందుగా అన్నది. మా వారు సెలవు పెట్టారు. పక్కింటివాళ్ళకు ఫోను ఉండేది. ఆదివారం ఉదయం అక్కడికి నేను ఫోను చేస్తే పిల్లలు వరుసగా నిలబడి మాట్లాడేవాళ్ళు. అప్పట్లో ఇటలీ వీధుల్లో ఫోను చేయాలంటే పొగాకు దుకాణంలోనో పత్రికల దుకాణంలోనో కార్డు కొనుక్కొని, దాని ఒక మూలను తుంచివేసి ఫోనులో పెట్టాలి. బస్సు టికెట్టు కూడా ముందుగా దుకాణంలోనే కొనుక్కోవాలి. ఈ సంగతులన్నీ కేంద్రంవాళ్ళు ముందుగా పంపిన చిన్న పుస్తకంలో రాసి ఉండేవి కనుక నేను ఎక్కడా ఇబ్బంది పడలేదు.

నా అనుభవంలో, పెళ్ళయిన అధ్యాపకురాలు సదస్సుకు వెళ్ళలేకపోవడానికి కారణం భయం కాదు. ఆమె లేని ఇంటిని నడిపే బాధ్యతను మరొకరు తీసుకోకపోవడం. ఉత్తరం రాసిన తల్లికి చదువుకొంటున్న కూతురో కోడలో ఉంటే, ఈ మాట ఇంట్లో అందరూ వినేలా చదవమని నా మనవి.

ప్రశ్న: మీరు ఊరు చేరిన మొదటి రోజు మీ మనసులో ఎలా ఉంది? – పదవీ విరమణ చేసిన తపాలా ఉద్యోగి, ఖమ్మం

జవాబు: ముంబై నుంచి విమానంలో వెనిస్ దాకా వెళ్ళి, మెస్త్రె స్టేషనులో రైలెక్కాను. రెండు గంటల ప్రయాణం. చివరి భాగంలో రైలు కొండ అంచు మీదుగా వెళుతుంది; ఒక్కసారిగా చెట్లు తొలగిపోయి కింద సముద్రం కనబడుతుంది. ఆ సముద్రంలోకి చొచ్చుకుపోయిన రాతి కొనమీద తెల్లని కోట ఉంటుంది. అది మిరమారె. ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ తమ్ముడు మాక్సిమిలియన్ కట్టించుకున్న ఇల్లు అది. 1864లో మెక్సికోకు చక్రవర్తిగా అక్కడినుంచే ఓడెక్కి వెళ్ళిన ఆయనను 1867లో ఆ దేశంలోనే కాల్చి చంపారు. ఆ కోటను ఆనుకొని ఉన్న తోటకు పక్కనే ఐసీటీపీ భవనాలు ఉన్నాయి.

మొదటి రోజు నన్ను నిలబెట్టేసినది మాత్రం సముద్రం కాదు, గ్రంథాలయం. ఇప్పుడు మేరీ క్యూరీ పేరుతో ఉన్న ఆ గ్రంథాలయంలో, పేరు మాత్రమే విన్న పత్రికలు మొదటి సంపుటం నుంచీ వరుసగా అరల్లో ఉన్నాయి. పీహెచ్‌డీ రోజుల్లో ఒక వ్యాసం కోసం హైదరాబాదు, బెంగళూరు గ్రంథాలయాలకు ఉత్తరాలు రాసి నెలల తరబడి ఎదురుచూసి, చివరికి అది దొరకకుండానే సిద్ధాంత గ్రంథం సమర్పించాను. ఆ వ్యాసం ఇక్కడ చేయి చాపితే అందింది. అక్కడే కూర్చొని మొత్తం చదివాను. కళ్ళనీళ్ళు వచ్చాయని చెప్పడానికి నాకు సంకోచం లేదు. ఆ పక్క బల్ల దగ్గర ఒక నైజీరియా అధ్యాపకుడు అచ్చం నాలాగే ఒక పాత సంపుటం తెరుచుకొని చేత్తో నోటుపుస్తకంలోకి ఎక్కించుకొంటున్నారు.

ప్రశ్న: పాకిస్తాన్ మహిళతో ఒకే గదిలో ఉండవలసి వచ్చినప్పుడు మీకు ఇబ్బందిగా అనిపించలేదా? ఆమె ఎలాంటి మనిషి? – ఐదుగురు పాఠకులు

జవాబు: అతిథిగృహంలో గదులు ఇద్దరికొకటి చొప్పున ఇచ్చేవారు. నేను వెళ్ళేసరికి ఆమె గదిలోనే ఉన్నది. నాకంటే కొన్నేళ్ళు చిన్నది. కరాచీలో ఒక కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతుంది. ఎక్కడినుంచి వచ్చారని అడిగితే హైదరాబాదుకు దగ్గర ఊరు అని చెప్పాను. ఆమె చేతిలో మడతపెడుతున్న దుప్పటి అక్కడే వదిలేసి, "ఏ హైదరాబాదు? మన హైదరాబాదా?" అని అడిగింది.

ఆమె తల్లి పుట్టింది మలక్‌పేటలో. 1948 పోలీసు చర్య తరువాత ఆ కుటుంబం కరాచీకి వెళ్ళిపోయింది. కరాచీలో హైదరాబాద్ కాలనీ అనే పేట ఉన్నది. ఇక్కడినుంచి వెళ్ళిన కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. ఆ పేట పచ్చళ్ళకూ ఖట్టీ దాల్‌కూ బగారా బైంగన్‌కూ కరాచీ అంతటా పేరు. నా మిత్రురాలు అక్కడే పెరిగింది. కరాచీలో చదువుకున్నవాళ్ళతో ఆమె మాట్లాడే ఉర్దూ వేరు, నాతో మాట్లాడినది వేరు; నాతో మాట్లాడినప్పుడు వరంగల్ బస్టాండులో, చార్మినార్ దగ్గర వినబడే దక్కనీ మాటలే వచ్చేవి. నాకూ ఆ ఉర్దూ చిన్నప్పటినుంచీ అలవాటు కనుక మేం మొదటి రాత్రి పొద్దుపోయేదాకా మాట్లాడుకున్నాం. ఆమె నన్ను ఆపా (అక్కా) అని పిలిచేది. తల్లి నోట విని నేర్చుకున్న నాలుగైదు తెలుగు మాటలు కూడా ఆమెకు వచ్చు, అవన్నీ వంటింటివి.

భోజనశాలలో అన్నం దొరికేది. నేను తీసుకెళ్ళిన కొత్తావకాయ, ఆమె తెచ్చుకున్న హైదరాబాద్ కాలనీ నిమ్మకాయ పచ్చడి కలిపి అదే అన్నంతో తినేవాళ్ళం. శాకాహారం దొరికిందా అని మరో ముగ్గురు అడిగారు కనుక ఇక్కడే చెబుతున్నాను: టమాటాతో చేసిన పాస్తా, కూరగాయలు, జున్ను, పండ్లు, రొట్టె ఎప్పుడూ ఉంటాయి. వడ్డించేవాళ్ళతో మాంసం, చేప వద్దని ఒకసారి చెబితే మరుసటిరోజు నుంచి వాళ్ళే గుర్తుపెట్టుకొనేవాళ్ళు.

మీరు ఇబ్బంది గురించి అడిగారు. మా ఇద్దరి దేశాల మధ్య ఉన్న తగాదా నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. కాని ఒక గదిలో ఉన్న ఇద్దరు అధ్యాపకురాళ్ళకు, తరగతిలో ఎనభై మంది పిల్లలు, ప్రయోగశాలలో నాలుగు పరికరాలు, పరిశోధనకు సమయం ఇవ్వని టైంటేబుల్, ఇంటికి వెళితే వంట, ఇవే ముందుగా గుర్తుకొచ్చే సంగతులు. మా ఇద్దరి జీవితాలూ ఇంతగా కలుస్తాయని అక్కడికి వెళ్ళేదాకా నాకు తెలియదు. తెలుసుకొనే దారీ ఇక్కడ లేదు.

ప్రశ్న: అణుపరీక్షల వార్త వచ్చిన రోజు అక్కడ ఏం జరిగింది? భారతీయులూ పాకిస్తానీలూ ఒకరినొకరు ఎలా చూసుకున్నారు? – అనేకమంది పాఠకులు

జవాబు: ఎక్కువ ఉత్తరాలు దీని గురించే వచ్చాయి. జరిగినది జరిగినట్టు రాస్తాను.

మే 11 సోమవారం, బుద్ధ పూర్ణిమ. పోఖ్రాన్‌లో పరీక్షలు జరిగినది మన కాలమానం ప్రకారం మధ్యాహ్నం 3.45కు, ట్రియెస్టేలో అప్పుడు పన్నెండుంబావు. మేమంతా భోజనానికి వరుసలో నిలబడి ఉన్న వేళ అది. ప్రధాని వాజ్‌పేయి ప్రకటన తరువాత సాయంత్రం టీ విరామంలో మాకు కబురు తెలిసింది. అక్కడున్న భారతీయుల్లో కొందరు ఒకరికొకరు అభినందనలు చెప్పుకున్నారు. నేనూ చేయి కలిపాను. నా మిత్రురాలు కప్పు బల్లమీద పెట్టేసి తరగతిలోకి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి గదిలో, నాకు సంతోషంగా ఉందా అని ఆమె అడిగింది. అడిగిన తీరులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. పరమాణు కేంద్రకం గురించి పాఠం చెప్పే మనిషిగా మన శాస్త్రవేత్తల సామర్థ్యం మీద నాకు గౌరవం ఉన్నదని, దాన్ని దాచుకోనని చెప్పాను. హన్మకొండలో నా పిల్లలూ కరాచీలో ఆమె తల్లీ ఈ రోజు నుంచి ఒకే లెక్కలోకి వచ్చారని, ఆ ఆలోచన నాకు నిద్ర పట్టనివ్వడం లేదని కూడా చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, తమవాళ్ళు కూడా చేస్తారని, చేయకుండా ఉండలేరని అన్నది. మే 13న మనవాళ్ళు మరో రెండు పరీక్షలు జరిపారు.

తరువాతి కొద్ది రోజులు భోజనశాలలో రెండు దేశాలవాళ్ళూ వేర్వేరు బల్లల దగ్గర కూర్చోవడం మొదలైంది. ఎవరూ ఎవరితోనూ పోట్లాడలేదు. కానీ అంతకు ముందు వారం కలిసి లెక్కలు చేసినవాళ్ళు ఒకరినొకరు తప్పించుకొని తిరిగారు. దాన్ని ఆపినది ఢాకా నుంచి వచ్చిన ఒక పెద్దాయన. 1971 యుద్ధాన్ని ఆయన తన ఊళ్ళో కళ్ళారా చూశారు. ఒకరాత్రి ఆయన మా బల్ల దగ్గరికి వచ్చి, లేచి పాకిస్తాన్ వాళ్ళ బల్ల దగ్గరికి రమ్మని ఆజ్ఞాపించినట్టే చెప్పారు. వయసులో పెద్దవారి మాట కాదనలేక అందరం లేచాం. కూర్చున్నాక ఏం మాట్లాడాలో ఎవరికీ తోచలేదు. అప్పుడు ఒక కుర్రవాడు భూకంప తరంగాల సంగతి ఎత్తాడు. దూరదేశాల్లోని భూకంపమాపకాల మీద నమోదైన పరిమాణాన్ని బట్టి పేలుడు శక్తిని ఎలా అంచనా వేస్తారన్నది అతని ప్రశ్న. ఆ సంబంధం లాగరిథమ్‌తో ముడిపడి ఉంటుంది. రాయి గట్టిదా మెత్తదా అన్నదాన్ని బట్టి జవాబు చాలా మారిపోతుంది. ఇక చూడండి, కాగితాలు బయటికి వచ్చాయి, రెండు దేశాలవాళ్ళూ తలలు వంచి ఒకే కాగితం మీద రాయడం మొదలుపెట్టారు. గంటసేపు వాదించుకున్నారు. ఆ తరువాత ఎవరో, ఇంత శక్తి ఒక నగరం మీద విడుదలైతే ఎంత వ్యాసార్థంలో ఏమవుతుందో కూడా లెక్క వేద్దామన్నారు. ఆ లెక్క కష్టమైనదేమీ కాదు, అక్కడున్న ప్రతి ఒక్కరికీ వచ్చు. ఎవరూ కలం ముట్టుకోలేదు.

మే 28 గురువారం పాకిస్తాన్ చాగై కొండల్లో పరీక్షలు జరిపింది. అది కూడా ట్రియెస్టే గడియారంలో దాదాపు పన్నెండుంబావుకే. ఈసారి అభినందనలు చెప్పుకున్నది వాళ్ళు. ఎవరో మిఠాయి డబ్బా తెరిచారు. నా మిత్రురాలు అక్కడ లేదు. వెతుక్కుంటూ వెళితే గ్రంథాలయంలో కనబడింది. మరునాడు ఉదయం ఆమె తన పని గురించి ప్రసంగించవలసి ఉన్నది, దానికి తెరమీద చూపించే పారదర్శక పత్రాలు రాసుకొంటున్నది. నేను పక్కన కూర్చొని గ్రాఫులకు అక్షాలు గీసి ఇచ్చాను. ఆ సాయంత్రం మేం పరీక్షల గురించి ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.

మరునాడు ఆమె ప్రసంగానికి సదస్సులోని భారతీయులందరూ వచ్చారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, చర్చించుకోలేదు. హాలులోకి వెళ్ళి చూస్తే అందరూ ఉన్నారు. అది చిన్న ప్రసంగం, పెద్ద పేరున్నది కాదు, మామూలు రోజైతే సగం హాలు ఖాళీగా ఉండేది. కోల్‌కతా నుంచి వచ్చిన ఒక ప్రొఫెసర్ చాలా కఠినమైన ప్రశ్న అడిగారు. మర్యాదకు వచ్చి కూర్చున్నవారు అడిగే ప్రశ్న కాదది, ప్రసంగాన్ని శ్రద్ధగా విన్నవారు మాత్రమే అడగగలిగినది. ఆమె బల్ల దగ్గరికి వెళ్ళి సుద్దముక్క తీసుకొని, తన సమీకరణాన్ని మొదటినుంచీ రాసి, ఎక్కడ ఏ పదాన్ని వదిలేసిందో, ఎందుకు వదిలేయవచ్చో చూపింది. ఆయన తృప్తిపడి కూర్చున్నారు. విరామంలో ఆ చర్చ వాళ్ళిద్దరి మధ్య ఇంకా సాగుతూనే ఉన్నది.

ఒక శాస్త్రవేత్త తన ఒంటరితనం నుంచి ఆలోచించి కట్టిన చోటు అది. తన సొంత దేశంలో ఆయనకు దక్కవలసిన గౌరవం దక్కలేదు. అయినా ఆయన కట్టిన ఆ కప్పు కింద, ఆ కొద్ది వారాల్లో, ఆయన దేశంవాళ్ళూ మా దేశంవాళ్ళూ ఒకే కాగితం మీద లెక్క చేశారు. ఇది నేను చూశాను కనుకనే, సదస్సులంటే వ్యాసాలు చదివి ధ్రువపత్రాలు తెచ్చుకొనే తంతు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేను.

ప్రశ్న: భౌతికశాస్త్రం చదివినవాళ్ళు ట్రియెస్టే చుట్టుపక్కల చూడవలసిన చోట్లు ఏమైనా ఉన్నాయా? – ఉపాధ్యాయుడు, మిర్యాలగూడ

జవాబు: దుయినో. ట్రియెస్టే నుంచి బస్సులో వెళ్ళగలిగినంత దగ్గర. ఆస్ట్రియా భౌతికశాస్త్రవేత్త లుడ్విగ్ బోల్ట్‌జ్‌మన్ 1906 సెప్టెంబరు 5న అక్కడ తన ప్రాణం తానే తీసుకున్నారు. భార్యతో, కూతురితో కలిసి సెలవులు గడపడానికి వచ్చి ఉన్నారు. వియన్నాలో ఆయన సమాధి మీద చెక్కిన ఎంట్రోపీ (వ్యవస్థలోని క్రమరాహిత్యపు కొలత) సూత్రాన్ని నేను ప్రతి ఏడాదీ నల్లబల్ల మీద రాస్తూ వచ్చాను. నా మిత్రురాలు కరాచీలో రాస్తూ వచ్చింది. ఒక ఆదివారం ఇద్దరం కలిసి దుయినో వెళ్ళాం. సున్నపురాయి కొండలు, వాటి కింద నీలి సముద్రం, పాత కోట. ఇంత ప్రశాంతమైన చోట ఒక మనిషి మనసు అంత బాధపడి ఉంటుందా అనిపించింది.

పరమాణువులు నిజంగా ఉన్నాయని ఆయన పట్టుబట్టిన కాలంలో మాఖ్, ఓస్ట్‌వాల్డ్ వంటి పెద్దలు దాన్ని ఒప్పుకోలేదని, ఆ వ్యతిరేకత భరించలేకే ఆయన చనిపోయారని కొందరు రాస్తారు. నా విద్యార్థులకు నేను అలా చెప్పను. ఆయన ఎన్నో ఏళ్ళుగా తీవ్రమైన మానసిక వ్యాధితో, క్షీణించిన ఆరోగ్యంతో బాధపడ్డారు; ఒక మనిషి మరణాన్ని ఒక వాదవివాదానికి ముడిపెట్టి కథ చేయడం సరికాదు. 1905లో ఐన్‌స్టీన్ ద్రవంలో తేలే సూక్ష్మకణాల కుదురులేని కదలిక (బ్రౌనియన్ చలనం) మీద రాసిన వ్యాసం అప్పటికే అచ్చయింది. దాని ఆధారంగా ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్ పెరాన్ చేసిన ప్రయోగాలతో కొద్ది ఏళ్ళలోనే సందేహాలు తీరిపోయాయి. ఆ సంగతి ఆయన చూడలేకపోయారన్నది మాత్రం ఇప్పటికీ నన్ను కలవరపెడుతుంది.

ట్రియెస్టే గాలి గురించి కూడా చెప్పాలి. తరువాత ఒకసారి చలికాలంలో వెళ్ళినప్పుడు బోరా అనే ఈశాన్యపు గాలిని చూశాను. కొండల వెనుక పేరుకున్న చల్లని బరువైన గాలి పీఠభూమి అంచు దాటి ఒక్కసారిగా సముద్రంవైపు జారుతుంది; గంటకు వంద కిలోమీటర్లకు మించిన వేగంతో కూడా వీస్తుంది. మనుషులు పట్టుకొని నడవడానికి వీలుగా కొన్ని వీధుల్లో తాళ్ళు కట్టే అలవాటు ఉండేది. సాంద్రత భేదం గురించి పాఠం చెప్పేటప్పుడు నేను ఇప్పుడు ఈ ఉదాహరణే చెబుతాను.

ప్రశ్న: ప్రభుత్వ డబ్బుతో విదేశీ సదస్సులకు వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది ఊళ్ళు చూసి వస్తారు తప్ప కళాశాలకు జరిగే మేలు ఏమీ ఉండదని మా అభిప్రాయం. మీరేమంటారు? – విశ్రాంత ప్రిన్సిపాల్, నిజామాబాద్

జవాబు: అలాంటివాళ్ళు ఉన్నారు, మీ అనుభవాన్ని నేను కాదనను. కాని దానికి మందు ప్రయాణాలు ఆపడం కాదు, తిరిగి వచ్చినవాళ్ళను ఏం తెచ్చారని అడగడం. నేను తిరిగి వచ్చాక మా ప్రిన్సిపాల్ గారు అదే అడిగారు, అందుకు ఆయనకు కృతజ్ఞురాలిని. ఫొటోకాపీ చేయించుకొచ్చిన వ్యాసాలను గ్రంథాలయంలో ఒక అరలో పెట్టించాం. అక్కడ నేర్చుకున్న కంప్యూటర్ లెక్కలను చివరి సంవత్సరం విద్యార్థులకు శనివారాల్లో నేర్పాను. వాళ్ళలో కొందరు ఇవాళ పరిశోధన చేస్తున్నారు.

ప్రశ్న: మీ కరాచీ మిత్రురాలితో ఇప్పటికీ మాట్లాడుతున్నారా? ఎప్పుడైనా మళ్ళీ కలిశారా? – పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఉత్తరాలతో మొదలై ఈమెయిల్ మీదుగా ఇప్పుడు వాట్సాప్ దాకా వచ్చాం. ఆమె హైదరాబాదు రాలేదు, నేను కరాచీ వెళ్ళలేదు. రెండు దేశాలూ ఒకరి పౌరులకు మరొకరు ఇచ్చే వీసాల్లో ఏయే ఊళ్ళకు వెళ్ళవచ్చో రాసి ఉండేది, చాలాసార్లు పోలీసు స్టేషనులో హాజరు వేయించుకోవలసి వచ్చేది. ఆమె దరఖాస్తు చేసినప్పుడు పరిస్థితులు అనుకూలించలేదు. అనుకూలించిన రోజుల్లో తల్లి ఆరోగ్యం ఆమెను కదలనివ్వలేదు. మళ్ళీ కలిసింది ట్రియెస్టేలోనే.

ఆమె తల్లి చిన్నప్పుడు చదువుకున్నది గన్‌ఫౌండ్రీలోని మహబూబియా బాలికల పాఠశాలలో. ఆ పాఠశాల ఇంకా ఉన్నదా అని ఆ పెద్దావిడ అడిగించారు. ఉన్నదని ఫోనులో చెబితే చాలదనిపించి, నేను వెళ్ళి భవనాన్ని, ద్వారాన్ని, బడి విడిచిన వేళ బయటికి వస్తున్న పిల్లలను ఫొటోలు తీసి పంపించాను. ఆవిడ వాటిని చూసి ఏ గదిలో ఏ తరగతి జరిగేదో కూతురికి వరుసగా చెప్పారట.

ప్రశ్న: నేను ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతున్నాను. ఐసీటీపీ సదస్సుకు దరఖాస్తు చేయాలనుకుంటున్నాను. పెద్ద విశ్వవిద్యాలయంలో లేనివాళ్ళను ఎంపిక చేస్తారా? ఏం సిద్ధం చేసుకోవాలి? – అధ్యాపకురాలు, నల్లగొండ

జవాబు: మీలాంటివాళ్ళ కోసమే ఆ కేంద్రం ఉన్నది. వర్ధమాన దేశాలవాళ్ళకు, అందులోనూ మహిళలకు అక్కడ ప్రత్యేక ప్రోత్సాహం ఉంటుంది. వర్ధమాన దేశాల మహిళా శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంస్థ ప్రధాన కార్యాలయం కూడా ట్రియెస్టేలోనే ఉన్నది. దాని పథకాలను విడిగా చూడండి. ఐసీటీపీ సదస్సులకు ప్రవేశ రుసుము ఉండదు. దరఖాస్తు గడువు సదస్సుకు చాలా నెలల ముందే ముగుస్తుంది కనుక ఏడాది జాబితాను మొదటే చూసుకోండి.

మీ పని గురించి ఒక పేజీ స్పష్టంగా రాయండి. పెద్ద మాటలు అక్కరలేదు. ఏ ప్రశ్న మీద పనిచేస్తున్నారు, ఎక్కడ ఆగిపోయారు, ఆ సదస్సులో ఏ ఉపన్యాసం మీకు ఎందుకు అవసరం అన్నవి రాస్తే చాలు. మిమ్మల్ని నిజంగా ఎరిగిన ఇద్దరి సిఫారసు ఉత్తరాలు తీసుకోండి, హోదా ఉన్నవాళ్ళవి కాకపోయినా ఫరవాలేదు. విమాన ఛార్జీకి కేంద్ర ప్రభుత్వ శాస్త్ర విభాగాలకు, శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి అయిన సీఎస్‌ఐఆర్‌కు దరఖాస్తు చేయవచ్చు. ప్రభుత్వ ఉద్యోగి కనుక నిరభ్యంతర పత్రం కోసం దస్త్రం కదిలించడానికి అన్నిటికంటే ఎక్కువ సమయం పడుతుంది. పిలుపు వచ్చేదాకా ఆగకుండా, పాస్‌పోర్టు పనితో పాటే ఆ విచారణ కూడా మొదలుపెట్టండి. ఒక్క వ్యాసమైనా అచ్చయి ఉంటే దాని ప్రతి జతపరచండి. లేకపోతే చేస్తున్న పని ప్రతిని పంపండి. మొదటిసారి ఎంపిక కాకపోతే మరుసటి ఏడాది మళ్ళీ పంపండి. దరఖాస్తు పంపేముందు ఆ ఒక పేజీని నాకు చూపించాలనుకుంటే పత్రిక చిరునామాకు పంపండి, తప్పకుండా చదివి రాస్తాను.